మంచుకొండల్లో బద్వేలు కంప

ఆ పెద్దాయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా మీకు మనిషి దొరకడు. ఆ పేరు గలవాళ్లు మా కడపలో వీధికి ఇద్దరైనా ఉంటారు. ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ చేశాను కాబట్టే దాన్ని పొరపాటు అనడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు.

నేను చేసే పని ముందు చెప్పాలి. ఉపగ్రహాలు పైనుంచి తీసిన చిత్రాలతో నేలనూ నీళ్లనూ అడవినీ చదివే విద్యను రిమోట్ సెన్సింగ్ అంటారు. దాని మీద వచ్చిన పుస్తకాలనూ నివేదికలనూ యూరప్ దేశాల లైబ్రరీలు ఎన్నో ఏళ్లుగా పోగు చేసుకున్నాయి. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. ఒకే నివేదిక జర్మనీలో ఒక విధంగా, ఫ్రాన్స్‌లో ఇంకో విధంగా, ఇటలీలో మరో విధంగా నమోదై ఉంటుంది. అన్నిటినీ కలిపి అందరికీ ఒకే డేటాబేస్ చేద్దామని ఆ దేశాలు అనుకున్నాయి. ఆ పనిలో కొంత బెంగళూరు కంపెనీ ఒకటి తీసుకుంది. అందులో ఒక ముక్క కడపకు, ప్లైవుడ్ అంగడి పైన ఉన్న మా గదికి వచ్చింది. నేను భూగర్భశాస్త్రం చదివినవాణ్ని. నాతోపాటు లైబ్రరీ కోర్సు చేసిన ఒక అమ్మాయి. ఇద్దరమే.

మా బామ్మర్ది దీన్ని ఇంకా తేలిగ్గా చెప్పేవాడు. "ఫోటో నువ్వు తీయలే, పుస్తకం నువ్వు రాయలే. ఎవురో తీసిన ఫోటో మీద ఎవురో రాసిన పుస్తకం పేరు ఎక్కిస్తాండావు. ఇది కూడా ఒక పనేనా బావా?" నేను నవ్వేవాణ్ని గానీ ఆ మాట గుచ్చుకునేది. నా పేరు కూడా ఎక్కడో ఒకచోట ఉండాలని లోపల ఒకటే తపన.

ఆ అవకాశం పేర్ల రూపంలోనే వచ్చింది. యూరప్ వాళ్ల పద్ధతిలో పేరులో చివరి మాట ఇంటిపేరు. ముందున్నవి పొడి అక్షరాలైపోతాయి. మనకేమో ఇంటిపేరు ముందు వస్తుంది. అందుకని మనవాళ్లు రాసిన నివేదికలన్నీ ఆ జాబితాల్లో తలకిందులుగా ఉండేవి. ఒకే మనిషి ఒకచోట తన పేరుతో, ఒకచోట ఇంటిపేరుతో ఇద్దరు ముగ్గురుగా విడిపోయి కనిపించేవాడు. నేను కూర్చుని రెండు పేజీల లేఖ రాశాను. తెలుగువాళ్ల విషయంలో మొదటి మాటను ఇంటిపేరుగా తీసుకోండి, మిగతాది పొడి అక్షరం చేయండి అని.

వాళ్లకది తెగ నచ్చింది. అక్కడ ఈ పనంతా చూసే ఆవిడ వీడియో కాల్‌లో అన్ని దేశాలవాళ్ల ముందూ నన్ను మెచ్చుకుంది. పని పద్ధతుల పుస్తకంలో దానికి 'కడప నియమం' అని పేరు పెట్టారు. నేను ఆ పేజీని ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాను. ఒకరోజు కాదు, వరసగా నాలుగు రోజులు.

మా గదిలో అమ్మాయి మాత్రం మెచ్చుకోలేదు. వాళ్లది పరుపులు కుట్టే కుటుంబం. ముస్లింలే అయినా ఇంట్లో తెలుగే మాట్లాడతారు.

"సార్, ఈ లెక్క మీ ఇండ్లకు సరిపోతాది," అంది. "మాకు ఇంటిపేరు ఊరంతా ఒకటే. మా నాయన, మా చిన్నాయన, మా మామ ముగ్గురికీ అదే ఇంటిపేరు, సొంత పేరులో మొదటి అక్షరం కూడా అదే. బ్యాంకులో కూడా వాళ్ల నాయన పేరు అడక్కుండా పాస్‌బుక్ ఇయ్యరు. మీరు అడక్కుండానే ముగ్గుర్నీ ఒకే మనిషిని చేస్తాండారు. మా అమ్మకు చెప్తే ఏమంటాదో!"

"మీ నాయన ఉపగ్రహాల మీద పుస్తకం రాసినాడా?" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వు ఆపేసింది. తల ఎత్తకుండానే, "ఊరు, పని సూసి ఒక్కొక్కరినీ కలుపుదాం సార్. ఆలస్యమైతే అవుతాది," అంది.

నేను ఆలస్యం కానివ్వలేదు. ఆ వారమే మా మొదటి విడత ముగించాలి. ఒకే పేరుగా మారినవాళ్లనందరినీ కంప్యూటర్ ఒక పట్టీగా చూపించి, వీళ్లు ఒకరేనా అని అడుగుతుంది. ఒక్కొక్కరి దగ్గరా ఆగి చూసి అవునో కాదో చెప్పాలి. పైన, అందరికీ కలిపి ఒకే 'అవును' కూడా ఉంది. నేను దాన్ని నొక్కాను. టీ చల్లారేలోపల పని అయిపోయింది.

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి తెర చూస్తూ తనలో తాను నవ్వుకుంది. "ఈ మనిషిని సూడండి సార్. పొద్దున మంచుకొండల మీద మంచు కొలిచినాడు. మాపటికి బద్వేలుకొచ్చి ముండ్లకంప కొలిచినాడు. ఏం బస్సెక్కినాడో!"

నేనూ నవ్వాను. ఏది ఎవరిదో విడదీసి చూడలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, వచ్చి మళ్లీ కూర్చున్నాను. అంతే.

పెద్దాయన వచ్చింది ఆ తర్వాత నెలన్నరకు. మెట్లెక్కి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వంగి చూశాడు. తెల్ల టోపీ, గళ్ల లుంగీ, చేతిలో గుడ్డలో చుట్టిన ఫోటో ఫ్రేమ్.

"ఆకాశం ఫోటోల పుస్తకాల పట్టీ ఈడనే గదప్పా రాసేది?"

రమ్మని కుర్చీ వేశాను. కూర్చోలేదు. ఫ్రేమ్ విప్పి నా బల్ల మీద పెట్టాడు. అందులో ఒక నివేదిక మొదటి పేజీ. ముగ్గురు రాసినవాళ్ల పేర్లున్నాయి. మొదటిది విదేశీయుడిది, రెండోది ఇక్కడి కాలేజీ ఆయనది, మూడోది ఈయనది. ఈయన బోరు బండి మీద పని చేసినవాడు. చాలా ఏళ్ల కిందట ఆ ఇద్దరూ ఉపగ్రహ చిత్రం పట్టుకుని బద్వేలు చుట్టుపక్కల నేల చూడడానికి వస్తే దారి చూపడానికి వెళ్లాడు. ఆ చిత్రాల్లో పచ్చని చెట్టు ఎర్రగా కనిపిస్తుంది. ఎర్రగా ఉన్నచోటల్లా మామిడి తోటలని వాళ్లు రాసుకుంటున్నారట.

"నేను అన్నా, సారూ, ఇది తోట గాదు, కంప. తోటయితే ఎండాకాలం బోరు ఎండిందంటే ఈ ఎరుపు తగ్గల్ల. ఇది తగ్గల్యా. కంపకు నీళ్లు పోసేదెవురు? అదే బతుకుతాది అని. వాళ్లు నమ్మల్యా. పదాండి అని నడిపించినా. ఒగ సేను గాదు, ఒగ ఊరు గాదు. రెండు ఎండాకాలాలు నడిచినాం. ఆఖరుకు తెల్లాయన, నువ్వు లేకపోతే ఈ పుస్తకం తప్పుల తడక అయితాండె అని నా పేరు గూడా యేసినాడు."

ఇప్పుడు వ్యవసాయ కాలేజీ ఒకదాని నుంచి కొందరు అవే చేలు మళ్లీ చూడడానికి వాళ్ల ఊరికి వచ్చారట. ఈయన టీ అంగడి దగ్గర, ఈ పని నేను ముందే చేసినాను, నా పేరు పుస్తకంలో ఉంది అని చెప్పాడు. వాళ్లు ఫోన్‌లో ఉమ్మడి జాబితా తెరిచి చూశారు. ఆ నివేదిక ఉంది. పేరు నొక్కితే తెర మీదికి కర్నూలు ప్రొఫెసర్ ఒకాయన వచ్చాడు. మంచు మీద ఆయన రాసినవన్నీ వరసగా వచ్చాయి.

"అందురూ నగినారప్పా. ప్రొఫెసర్ పేరు నీదని చెప్పుకుంటాండావే, ఆ ఫోటో కట్టించి ఇన్నేండ్లు మమ్మల్ని మోసం చేసినావే అన్నారు. ఇంట్లో నా పెండ్లాం గూడా అడిగింది, నిజం చెప్పు, అది నువ్వేనా అని." ఆయన గొంతు తగ్గింది. "ఆ పట్టీ కడపలో రాస్తారని వాళ్లే చెప్పినారు. సూడప్పా. నేను యాడన్నా ఉండానేమో."

ఆ 'యాడన్నా ఉండానేమో' అన్న మాట ఇది రాస్తున్నప్పుడు కూడా నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

నేను వెతికినట్టు నటించాను. నాకు మొదటి క్షణంలోనే అర్థమైంది. పాత జర్మనీ రికార్డులో ఈయన విడిగా ఉన్నాడు. పేరు తలకిందులుగా ఉన్నా, మనిషి మాత్రం విడిగా ఉన్నాడు. నా నియమం ఆ పేరును సరిగ్గా తిప్పి, కుదించి, ప్రొఫెసర్‌లో కలిపేసింది. వెనకనున్న కుర్చీలో ఆ అమ్మాయి టైపు చేయడం ఆగిపోయిన సంగతి నాకు వినిపిస్తూనే ఉంది.

"లేదు పెద్దాయనా," అన్నాను. "యూరప్ వాళ్లు ఎట్లా పంపితే అట్లా ఉంటుంది. మా చేతిలో లేదు."

ఆయన ఫ్రేమ్‌ను మళ్లీ గుడ్డలో చుట్టుకున్నాడు. "కానీలేప్పా. నువ్వేం జేస్తావు," అని మెట్లు దిగిపోయాడు.

అమ్మాయి కుర్చీ నా వైపు తిప్పింది. "సార్, కలిపింది మనమే గదా?" అంది. నొక్కింది నేను. తను 'మనమే' అంది.

దిద్దడం కష్టం కాదు. యూరప్‌లో ఈ పనంతా చూసే ఆవిడకు ఒక మెయిల్ రాస్తే చాలు. నా నియమం మీ పనిలోకి తప్పులు తెచ్చింది, దాన్ని ఆపండి, కలిపినవాళ్లను విడదీద్దాం అని. అయితే నెలాఖరుకు అన్ని దేశాల లైబ్రరీలూ ఉమ్మడి జాబితా నుంచి తమ తమ ప్రతులు తీసుకుంటాయి. ఈలోగా రాయాలి. ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి.

ఆ తొమ్మిది రోజులూ నేను చేయని పని లేదు, ఆ మెయిల్ తప్ప. గది సర్దాను. ఫ్యాన్ బాగు చేయించాను. మెయిల్ మొదలుపెట్టి, 'కడప నియమం' అని రాసిన చోట ఆగి, లేచి మెట్ల దాకా నడిచి వచ్చేవాణ్ని. ఇంట్లో అన్నం ముందు కూడా కాళ్లు ఆడిస్తూ కూర్చున్నానని నా భార్య విసుక్కుంది. ప్రొఫెసర్ నుంచి, ఆ నివేదిక నాది కాదు అని రాయించుకోకపోతే యూరప్ వాళ్లు ఒప్పుకోరని నాకు నేను చెప్పుకుని కర్నూలు బస్సెక్కాను.

ప్రొఫెసర్ రిటైరై ఇంట్లో ఉన్నాడు. సంగతంతా విని, తెల్లకాగితం మీద రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. నేను ఇంకా కూర్చునే ఉంటే నా వైపు చూశాడు.

"దీనికి కర్నూలు దాకా రావాల్నా? ఫోన్ జేసుంటే ఫోటో తీసి పంపుతాంటి గదప్పా."

నేను కాగితాన్ని మడతలు పెడుతూ ఉన్నాను.

"నాకు బద్వేలు యాడుండాదో గూడా సరిగా తెలీదు. తీసెయ్ నన్ను ఆడినుంచి. ఎవురి కష్టమో నాకెందుకు? నీకేం అడ్డం వచ్చిందో నాకు తెలీదు గానీ, తొందరగా జెయ్," అన్నాడు.

ఏం అడ్డం వచ్చిందో తిరుగు బస్సులో నాకు బాగా తెలుసు. నా స్టేటస్‌లో నాలుగు రోజులున్న ఆ పేజీ అడ్డం వచ్చింది. అయినా కాగితం జేబులో పెట్టుకుని మరో మూడు రోజులు గడిపాను. నెలాఖరు దాటింది. లైబ్రరీలు తమ ప్రతులు తీసుకున్నాయి. మరుసటి రోజు పొద్దున మెయిల్ రాశాను. గడువు దాటాక చేయి అంత సులువుగా ఎలా ఆడిందో నాకు సిగ్గుగా ఉంది. ఇప్పుడిక నష్టం జరిగిపోయింది, అందుకని ధైర్యం వచ్చింది.

ఆవిడ కోప్పడలేదు. నియమాన్ని ఆపేశారు. కలిపినవాళ్లందరినీ ఊరు, పని చూసి విడదీయమన్నారు. ఆ పనికి ఎవరు సరిపోతారు అని అడిగితే, నన్ను మొదట్లోనే హెచ్చరించిన మనిషి ఒకరు ఇక్కడే ఉన్నారని రాశాను. అమ్మాయి ఆ మెయిల్ చదివి, "ఇదన్నా టైముకు రాసినారు," అంది. ఆ రోజు నుంచి పేర్ల విషయంలో ఆమె చెప్పిందే నేను చేస్తాను.

పెద్దాయన రికార్డును మొదట విడదీశాం. ఆయన పేరు పూర్తిగా, పక్కన ఊరు, దాని పక్కన బోరు పని, క్షేత్ర పరిశీలన అని. అయితే లైబ్రరీల దగ్గర ఉన్న ప్రతులు వాటంతట అవి మారవు. అవి కొత్తగా చేరినవాటినే తీసుకుంటాయి. పాతవాటిలో దిద్దుబాటు కావాలంటే ఒక్కో లైబ్రరీకి విడిగా రాసి అడగాలి. ఆ తొమ్మిది రోజుల్లో రాసి ఉంటే ఒక్కరిని కూడా అడగాల్సిన పని ఉండేది కాదు.

ఆదివారం సిద్ధవటం మీదుగా బద్వేలు వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో వాళ్ల ఊరు చేరాను. పెద్దాయన ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య చేటలో బియ్యం ఏరుతోంది. నేను నిలబడే చెప్పాను. ఆ రోజు మా చేతిలో లేదన్నది అబద్ధం, మిమ్మల్ని ప్రొఫెసర్‌లో కలిపింది నేనే, వద్దని చెప్పినా వినలేదు, దిద్దడానికి అవకాశం ఉన్నప్పుడు కూడా పరువు పోతుందని ఊరకున్నాను అని.

ఆయన భార్య చేట కింద పెట్టింది.

"అయితే నువ్వా ఆ పుణ్యాత్ముడివి? నెల రోజులుగా ఈ యప్ప అంగడికి పోలేదు తెలుసునా? టీ ఇంట్లోనే తాగుతాండాడు. టీ పొడి ఎంత పోతాండాదో నాకు తెలుసు!" అని నా వైపు చేయి చూపించింది. అంతలోనే భర్త వైపు తిరిగి, "నేను గూడా నమ్మల్యా నిన్ను," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ మాట వదిలెయ్ మేయ్," అన్నాడు పెద్దాయన. మంచం మీంచి లేచి టోపీ సరిచేసుకున్నాడు. "ఈడ నాకు జెప్పి ఏం లాభమప్పా? నేను ఎవురో నాకు తెలుసు. పద, నగినోళ్లకు జెప్పు."

నేను ఇది అనుకోలేదు. ఇంటి ముందు చెప్పేసి, ఆటో ఎక్కి వెళ్లిపోతాననుకుని వచ్చాను. ఆటోవాడు ఉన్నాడేమోనని వీధి చివరకు చూశాను కూడా. పెద్దాయన అది చూశాడు. ముందు నడిచాడు. వెనక నేను నడిచాను.

టీ అంగడిలో ఆరేడుగురున్నారు. పెద్దాయన బెంచీ మీద కూర్చోకుండా నిలబడి, "ఈ సారు కడప నుంచి వచ్చినాడు. ఏందో చెప్తాడంట, ఇనండి," అన్నాడు.

చెప్పాను. ఇంటి దగ్గర చెప్పినంత తేలిగ్గా రాలేదు. నియమం, రికార్డు, యూరప్ అంటుంటే వాళ్లకు ఒక్క ముక్కా ఎక్కలేదు. చివరికి, "ఆ పుస్తకంలో పేరు ఈయనదే. దాన్ని కర్నూలు సారు పేరులో కలిపింది నేను. తప్పు నాది. ఈయన అబద్ధం చెప్పలేదు," అన్నాను.

ఒకాయన గ్లాసు కింద పెట్టి, "ఈ సారును యాడ పట్టుకొచ్చినావు పెద్దాయనా? నాటకాల కంపెనీలోంచా? ప్యాంటూ చొక్కా బాగనే ఉండాయి!" అన్నాడు. అంగడంతా నవ్వింది. పెద్దాయన ముఖం మళ్లీ ముడుచుకుపోవడం చూశాను. నా మాటకు అక్కడ విలువ లేదు. ఉండాల్సిన పనీ లేదు. నేను ఎవరో వాళ్లకు తెలియదు.

ఫోన్ తీసి ఉమ్మడి జాబితా తెరిచి, నవ్విన ఆయనకే ఇచ్చాను. ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఇంగ్లీషు చదివాడు. పెద్దాయన పేరు దగ్గర ఏమీ అనలేదు. ఆ పక్కకు వచ్చేసరికి మాత్రం ఆగిపోయాడు.

"రేయ్, మన ఊరి పేరుండాది రా ఈడ!"

ఫోన్ చేతులు మారింది. ఊరి పేరు అందరూ చదివారు. చదవడం రానివాళ్లు పక్కవాళ్లతో వేలు పెట్టి చూపించుకున్నారు. "బోరు పని అని గూడా యేసినారే. అయితే ఈ యప్పే," అన్నారు ఎవరో. అంగడాయన పెద్దాయన చేతిలో టీ పెట్టాడు. పెద్దాయన కూర్చుని తాగాడు. నాకు ఎవరూ ఇవ్వలేదు. అది న్యాయంగానే అనిపించింది.

లేచేటప్పుడు ఆయన అడిగాడు. "మరి ఆ కాలేజీ పిలకాయలు ఏం జేస్తారు? వాళ్లు సూసేది ఇదేనా?"

కాదని చెప్పాల్సి వచ్చింది. అప్పుడు వాళ్లు చూసింది ఇదే గానీ, నెలాఖరు నుంచి కాలేజీలవాళ్లకు కనిపించేది ఈ నివేదిక ఉన్న మూడు లైబ్రరీల ప్రతులు కలిపిన వేరే పేజీ. అక్కడ ఇంకా ప్రొఫెసరే ఉన్నాడు. మూడు చోట్లా మారేదాకా వాళ్లకు ఆయన మంచు కొలిచినవాడే.

"ఎన్నాళ్లు పడతాది?"

"తెలియదు పెద్దాయనా. అడుగుతూ ఉంటాను."

"అడుగు. నేను నిన్ను అడుగుతాంటా," అని నా నంబరు తీసుకున్నాడు.

మాట తప్పలేదు. ప్రతి నెలా మొదటి శుక్రవారం, నమాజు అయ్యాక ఫోన్ చేస్తాడు. క్షేమ సమాచారాలు ఉండవు. "ఏమప్పా, మంచు కరిగిందా?" అంటాడు. మొదటి లైబ్రరీ రెండు నెలలకు దిద్దింది. రెండోది మొన్న ఎండాకాలంలో దిద్దింది. ఉత్తరాన ఉన్న మూడోది ఇంతవరకు జవాబు ఇవ్వలేదు.

మొన్న శుక్రవారం కూడా ఫోన్ మోగింది. ఎదురుగా అమ్మాయి ఒకే పేరు గల ఐదుగురి రికార్డులు తెర మీద పరుచుకుని, ఎవరిది ఏ ఊరో కాగితం మీద రాసుకుంటోంది.

"ఒక దేశంలో ఇంకా కరగలేదు పెద్దాయనా," అన్నాను.

"శానా చలి దేశం మాదిరి ఉండాదే," అన్నాడు. "పైరు కోతయినాంక ఆ పిలకాయలు మళ్లా వస్తారంట. అంతలోపల సూడు."

సరేనన్నాను. ఫోన్ పెట్టేసి, ఆ లైబ్రరీకి మళ్లీ రాశాను. తప్పు ఎలా జరిగిందో చెప్పే చోట, ఈసారి నియమం మాట ఎత్తకుండా, నేను చూడకుండా అవునన్నాను అని రాశాను.